ఒంటిచేత్తో తీసి ఒంటిచేత్తో పెట్టే మల్టీటూల్ పౌచ్: ఒక కేస్ స్టడీ

బెల్ట్ పౌచ్ కుట్టమని వచ్చేవారు ముందుగా పనిముట్టు తీసి బల్ల మీద పెడతారు. మనమూ వెంటనే స్కేలు అందుకుంటాం. ఈ కేసులో పనిముట్టు కొలతలు మొదటిరోజే సరిగ్గా కుదిరాయి. అయినా పౌచ్ రెండుసార్లు పనిలో నిలవలేదు. కొలవాల్సింది ఇంకోటి ఉంది: ఆ పనిముట్టు అందుకునే చెయ్యి, ఆ చెయ్యి ఏ స్థితిలో ఉండి అందుకుంటుందన్నది. అదెలా తేలిందో, ఏ మెట్టు దగ్గర ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. వ్యక్తిని గుర్తుపట్టేలా ఉండే వివరాలు తీసేశాను. కొలతలు, తోలు, వాడుక పరిస్థితులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

ఆయన ఎత్తులో పనిచేసే మెకానిక్. రోజులో సగం నిచ్చెన మీదో, యంత్రం పక్కన ఇరుకు ప్లాట్‌ఫారం మీదో గడుస్తుంది. మిగతా సగం వాహనంలో కూర్చుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళడంతో సరిపోతుంది. కుడిచేతి వాటం. పైన ఉన్నంతసేపూ ఎడమ చెయ్యి పట్టు కోసమే, దానికి వేరే పని చెప్పడానికి లేదు. కుడిచేతికి గ్లోవ్ ఉంటుంది. నడుముకు 38 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం ఉన్న గట్టి తోలు బెల్టు.

ఆయన వాడే మల్టీటూల్ (ప్లయర్స్, కత్తి లాంటివన్నీ ఒకదాంట్లోనే మడుచుకునే పనిముట్టు) పెద్ద రకం. మడిస్తే 115 మి.మీ. పొడవు, 36 మి.మీ. వెడల్పు, 21 మి.మీ. మందం. బరువు 350 గ్రాముల పైమాట. ఈ బరువు దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1983లో టిమ్ లెదర్‌మన్ తన మొదటి మల్టీటూల్‌ను అమ్మకానికి తెచ్చినప్పుడు అది ఇప్పటి పెద్ద మోడళ్ళలో సగం బరువు కూడా ఉండేది కాదు. ముందు జేబు, పైన వెడల్పాటి మూత, మధ్యలో ఒక టిచ్ బటన్ అనే నమూనా అలాంటి తేలికపాటి పనిముట్లకు చక్కగా సరిపోతుంది. బరువు రెట్టింపు దాటినా చాలామంది అదే నమూనాను పెద్దది చేసి కుడుతున్నారు. బరువు పెరిగితే లాగే బలం పెరుగుతుంది, ఊగిసలాట పెరుగుతుంది, కింద పడితే జరిగే నష్టమూ పెరుగుతుంది.

వచ్చిన సమస్య

ఆయన దగ్గర అప్పటికే రెండు పౌచ్‌లున్నాయి. ఒకటి నైలాన్‌ది, దాని వెల్‌క్రో దుమ్ము పట్టి అంటుకోవడం మానేసింది. రెండోది తోలుదే, మెత్తటి క్రోమ్ తోలు, పైన పూర్తి వెడల్పు మూత, టిచ్ బటన్. కొన్నాళ్ళకే అది సంచిలా వదులైంది. ఫిర్యాదులు మూడు చెప్పారు. పనిముట్టు తీయడానికి రెండు చేతులు కావాలి. మూత తెరిచి వదిలేస్తే వంగినప్పుడు పనిముట్టు జారి పడుతుంది. వాహనంలో కూర్చుంటే పౌచ్ అడుగు తొడకు గుచ్చుకుంటుంది.

"మరి బటన్ పెట్టుకోవచ్చుగా" అని అడిగాను.

"పెట్టే వీలెక్కడుందండీ? ఒక చెయ్యి నిచ్చెన మీదే ఉంటుంది. పెట్టినా మళ్ళీ నిమిషంలో తీయాలి."

ఈ మాటే కేసు మొత్తానికి తాళంచెవి. అయితే దాని బరువు నాకు పూర్తిగా తెలిసొచ్చింది రెండో నమూనా తర్వాతే. మొదట దీన్ని సౌకర్యానికి సంబంధించిన ఫిర్యాదుగా రాసుకున్నాను, నిజానికి ఇది భద్రతకు సంబంధించినది. 10 మీటర్ల ఎత్తు నుంచి జారిన వస్తువు నేలను తాకేసరికి సెకనుకు 14 మీటర్ల వేగం అందుకుంటుంది, అంటే గంటకు సుమారు 50 కిలోమీటర్లు. 350 గ్రాముల ఉక్కు ఆ వేగంతో కింద నిలబడ్డ మనిషి మీద పడకూడదు. అందుకే మొదటి సంభాషణలోనే ఒక మాట స్పష్టంగా చెప్పాను: ఎత్తులో ఉన్నప్పుడు పనిముట్టుకు తాడు కట్టుకోవాల్సిందే, పౌచ్ ఎంత బాగా కుట్టినా ఆ తాడుకు బదులు కాదు. చేతిలోంచి జారేదాన్ని తాడు ఆపుతుంది. పౌచ్‌లోంచి జారకుండా చూడటం నా పని.

కొత్త పౌచ్ ఎప్పుడు సరైనదని ఒప్పుకోవాలో ముందే రాసుకున్నాం. నోరు కిందికి తిప్పి గట్టిగా ఊపినా పనిముట్టు పడకూడదు. గ్లోవ్ వేసుకున్న కుడిచేత్తో, చూడకుండా, తీయగలగాలి, తిరిగి పెట్టగలగాలి. గొంతుక్కూర్చున్నా, వాహనం సీట్లో కూర్చున్నా ఎక్కడా గుచ్చుకోకూడదు. ఇలా రాసుకోకపోతే చూడటానికి అందంగా ఉన్న పౌచ్‌ని చూసి ఇద్దరం తృప్తిపడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఈ అలవాటును వదలను.

తోలు ఎంపిక

క్రోమ్ తోలును పక్కన పెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మెత్తగా, సాగుడుగా ఉంటుంది. తడిపి అచ్చుకు బిగించినా ఆరాక మళ్ళీ పాత స్థితికే పోతుంది. బెరడు, కాయల టానిన్లతో పదును చేసిన వెజ్ టాన్ తోలు నీరు తాగుతుంది, తడిమీద ఏ ఆకారంలో పెడితే ఆరాక ఆ ఆకారంలోనే బిగుస్తుంది. మనకు కావాల్సింది ఆ గుణమే.

మందం దగ్గర మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. తోలు మందాన్ని ఔన్సుల్లో చెప్పేచోట ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మి.మీ. బరువైన పనిముట్టు కదా అని 9 ఔన్సుల తోలు, అంటే 3.6 మి.మీ., తీసుకోవాలని ముందు అనిపిస్తుంది. కానీ అంత మందమైన తోలు పనిముట్టు మీది మెట్లలోకి, ప్లయర్స్ భుజాల దగ్గరి ఒంపులోకి దిగదు, పైపైన గుండ్రంగా కప్పేసి ఊరుకుంటుంది. మరీ పల్చటి 2 మి.మీ. తోలు ఒంపులన్నీ పట్టుకుంటుంది గానీ చెమట తగిలితే ఆ పట్టు నిలవదు. మధ్యలో 2.8 మి.మీ. దగ్గర ఆగాను. బలం కావాల్సిన చోట్ల, అంటే పైన మూసే పట్టీ, బెల్టు దూరే లూపు దగ్గర రెండు పొరలు వేసుకోవచ్చు. అన్నిచోట్లా మందం పెంచడం కంటే బరువు పడేచోట పొర పెంచడం మేలు.

ముక్కలు వీపు భాగం నుంచి కోశాను. పొట్ట భాగం చవకే గానీ సాగుతుంది, సాగే తోలుకు అచ్చు నిలవదు. వెన్నెముక దిశ పౌచ్ నిలువుకు వచ్చేలా పెట్టాను. తోలు వెన్నెముకకు అడ్డంగా ఎక్కువ సాగుతుంది, నిలువుగా తక్కువ. అలా పెడితే బరువు వేలాడే దిశలో పౌచ్ సాగదు, అచ్చు పోసేటప్పుడు కావాల్సిన సాగుడు పక్కలకు దొరుకుతుంది.

అచ్చు

అసలు పనిముట్టునే తోలులో పెట్టి తడిమీద బిగించేవాళ్ళు చాలామంది. ప్లాస్టిక్ చుట్టి పెడితే పనవుతుంది కూడా. ఈ కేసులో అలా చేయకపోవడానికి రెండు కారణాలు. మొదటిది, ఆయనకు అది రోజూ కావాలి, నా దగ్గర ఉంచుకోవడానికి లేదు. రెండోది రసాయన సంబంధమైనది. తడి వెజ్ టాన్ తోలుకు ఇనుము తగిలితే టానిన్, ఇనుము కలిసి నీలి నలుపు మరక పుడుతుంది. శతాబ్దాల పాటు రాత సిరా తయారైంది ఈ చర్యతోనే. ప్లాస్టిక్ ఎక్కడో చిరిగితే చాలు, పౌచ్ మీద మచ్చ పడుతుంది, పనిముట్టు కీళ్ళలోకి తడి చేరుతుంది. బల్ల మీద ఇనుప రజను ఉన్నా ఇదే జరుగుతుంది. తోలు తడిపే ముందు బల్ల తుడవడం, చేతులు కడుక్కోవడం అందుకే. లేత మరకైతే నిమ్మరసంతో పోతుంది, లోతుగా దిగితే రంగు వేసి దాచడం తప్ప దారి లేదు.

అందుకని కొలతలు తీసుకుని చెక్క దిమ్మ చేశాను. మూలలు ఉప్పుకాగితంతో నున్నచేసి, వార్నిష్ పూసి ఆరనిచ్చాను. వార్నిష్ లేకపోతే చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, కొలత మారిపోతుంది. ప్లయర్స్ తల, పిడికి మధ్య ఉన్న మెట్టును దిమ్మలో అలాగే ఉంచాను. అక్కడ తోలును లోపలికి నొక్కితే ఒక చిన్న గట్టు ఏర్పడుతుంది, పట్టుకు అదే ఆధారం.

దిమ్మ మీద తోలు బిగించడానికి ప్లైవుడ్ చట్రం కోశాను. చట్రం మధ్యలో ఖాళీ ఎంతుండాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. పనిముట్టు వెడల్పు 36, రెండు పక్కలా తోలు మందం 2.8 చొప్పున కలిపితే 41.6 మి.మీ. తడి తోలు నొక్కితే కాస్త అణుగుతుంది గనక 41 చాలు. ఖాళీ ఎక్కువైతే గోడలు ఏటవాలుగా వస్తాయి, తక్కువైతే చట్రం దిగేటప్పుడు తోలు పైముఖం గీసుకుపోతుంది. ముందు ముక్కను వెడల్పులో 110 మి.మీ. కోశాను. లెక్క ప్రకారం 36, రెండు గోడలకు 21 చొప్పున 42, కుట్టుకు పక్కకు 10 చొప్పున 20, మొత్తం 98. మిగిలింది ఒంపుల్లో పోయే తోలు, చివర్లో కోసి సరిచేసుకునే జాగా. వెనక ముక్క చదునుగానే ఉంటుంది, దానికి 62 చాలు.

తడపడం గురించి కూడా చెప్పాలి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి బుడగలు ఆగాక తీశాను. వెంటనే అచ్చుకు పెట్టలేదు. పైముఖం మళ్ళీ తన మామూలు రంగులోకి తిరుగుతూ, తాకితే మాత్రం చల్లగా అనిపించే దశ దాకా ఆగాను. నీళ్ళు కారుతున్న తోలు గీత నిలుపుకోదు, మరీ ఆరితే ఒంగదు. నీళ్ళు బాగా వేడిగా ఉంటే తోలు ముడుచుకుపోయి పెళుసుగా గట్టిపడుతుంది, ఇక ఏం చేసినా వెనక్కు రాదు. ఎండలో, హీటర్ ముందు ఆరబెట్టకూడదన్నదీ అందుకే. నీడలో, గాలాడేచోట ఒక రోజంతా ఉంచాను.

మొదటి నమూనా: పట్టు ఒక్కటే

బటన్ పెట్టే వీల్లేదని ఆయనే అన్నారు గనక బటన్ లేకుండా చేస్తే ఎలా ఉంటుందన్నది సహజంగా వచ్చిన ఆలోచన. ముందు గోడ ఎత్తుగా పెట్టి, పనిముట్టులో పైకి 25 మి.మీ. మాత్రం కనపడేలా, మూత లేకుండా, అచ్చు బిగువు మీదే నిలిచేలా కుట్టాను. కొత్తలో అద్భుతంగా ఉంది. స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి లాగి చూస్తే, పనిముట్టు బరువుకు సుమారు నాలుగు రెట్ల బలం పెడితేగానీ బయటికి రాలేదు. తలకిందులు చేసి ఊపినా కదల్లేదు. వాడి చూడమని ఇచ్చాను.

కొన్ని వారాల తర్వాత అదే త్రాసుతో చూస్తే లాగే బలం పనిముట్టు బరువుకు కాస్త ఎక్కువగా తేలింది. తలకిందులు చేస్తే నిలిచింది గానీ ఒక్క కుదుపుకు జారింది. ఎందుకిలా అని విప్పి చూశాను. లోపలి పక్క, పనిముట్టు అంచులు రాసుకునే రెండు గీతల వెంట, గరుకు తోలు అద్దంలా నునుపెక్కి మెరుస్తోంది. తోలు లోపలి పీచు ఆ గరుకుతనంతోనే పనిముట్టును పట్టుకుంటుంది. రోజుకు ఎన్నోసార్లు తీసి పెడుతుంటే అది అరిగి పాలిష్ అయిపోతుంది. దానికి తోడు నడుము దగ్గరి వేడి, చెమట గోడలను కొద్దికొద్దిగా వదులు చేశాయి. మెట్టు దగ్గరి గట్టు మాత్రం చెక్కుచెదరలేదు. మిగిలిన ఆ కాస్త పట్టూ దానిదే.

దీన్నుంచి తీసుకున్న నిర్ణయం: అచ్చు బిగువు రోజువారీ కదలికలకు చాలు, వంగడానికి, నడవడానికి, మెట్లెక్కడానికి. ఎత్తులో పనికి అది ఒక్కటీ చాలదు. రాపిడి కాలంతో తగ్గేది. తగ్గుతున్న సంగతి వాడేవాళ్ళకు ముందుగా తెలియదు, పడ్డాకే తెలుస్తుంది. కాలంతో తగ్గని రెండో పట్టు ఇంకోటి ఉండాలి.

ఇదే నమూనాలో ఇంకో విషయం కూడా బయటపడింది. ముందు గోడ ఎత్తుగా ఉండటంతో గ్లోవ్ వేసుకున్న వేళ్ళకు పట్టుకోవడానికి పనిముట్టు చాలినంత దొరకడం లేదు. వేలి కొనలతో పట్టుకుని లాగాల్సి వస్తోంది. గ్లోవ్ లేని నా చేతికి 25 మి.మీ. సరిపోయింది, గ్లోవ్ ఉన్న ఆయన చేతికి సరిపోలేదు.

రెండో నమూనా: మూత

అచ్చు అదే ఉంచి, ముందు గోడను 12 మి.మీ. తగ్గించి, వెనక ముక్క నుంచి పూర్తి వెడల్పు మూత తెచ్చి లైన్ 24 టిచ్ బటన్ వేశాను. మందమైన తోలుకు వాడే గట్టి బటన్ అది. ఊపుడు పరీక్షలో నూటికి నూరు పాళ్ళు నెగ్గింది. పనిలో మాత్రం నెగ్గలేదు.

ఆయన వాడుతుంటే పక్కన నిలబడి చూశాను. మూత తెరవాలంటే దాని అంచు కిందికి బొటనవేలు దూరాలి. గ్లోవ్ మందం వల్ల దూరడం లేదు. దూరాక లాగితే బటన్ ఊడే ముందు పౌచ్ మొత్తం బెల్టుతో సహా పైకి లేస్తోంది. ఊడాక వెడల్పాటి మూత వచ్చి చేతి మీద పడుతోంది. పనిముట్టు తిరిగి పెట్టేటప్పుడు అదే మూత నోటికి అడ్డంగా వాలి ఉంటోంది, దాన్ని తొలగించడానికి ఇంకో చెయ్యి కావాలి. మూడో రోజుకల్లా ఆయన మూతను వెనక్కు మడిచి బెల్టులో దోపుకుని తిరుగుతున్నారు. అంటే మొదటి నమూనా దగ్గరికే వచ్చాం, పైగా అడ్డం వచ్చే ఒక తోలు ముక్కతో.

మొదటి సంభాషణలో ఆయన చెప్పిన మాట ఇక్కడ సరిగ్గా అర్థమైంది. బటన్ అంటే ఆయనకు ఇష్టం లేకపోవడం కాదు. బటన్ పెట్టడానికి పట్టే శ్రమ ఆయన పని లయలో ఇమడటం లేదు. వాడేవాళ్ళకు జాగ్రత్త లేదనుకుంటే మనం ఇంకా గట్టి బటన్ వెతుకుతాం. శ్రమ ఎక్కువైందనుకుంటే శ్రమను ఎక్కడ తగ్గించవచ్చో వెతుకుతాం. రెండో దారే పట్టాను.

ఇతర ఆలోచనలు కొన్ని వచ్చాయి, వాటిని బల్ల మీదే వదిలేశాం. అయస్కాంతపు బటన్ ఇనుప రజనును పోగుచేస్తుంది, పక్కకు జారిస్తే ఇట్టే వీడుతుంది. ఎలాస్టిక్ సాగిపోతుంది. వెల్‌క్రో సంగతి ఆయనకు ముందే తెలుసు. ఇత్తడి గుబ్బకు చీలిక రంధ్రం తగిలించే పద్ధతి గట్టిదే, నాకు చాలా ఇష్టమైనది కూడా. కానీ గ్లోవ్‌తో చూడకుండా రంధ్రాన్ని గుబ్బ మీదికి తేవడం కష్టం.

మూడో నమూనా: సన్నని పట్టీ

ఈసారి కదలికను ముక్కలుగా విడదీశాను. చెయ్యి కిందికి వస్తుంది, బొటనవేలు తాళం తీస్తుంది, వేళ్ళు పనిముట్టును పట్టుకుంటాయి, పైకి లాగుతాయి. తిరిగి పెట్టేటప్పుడు నోరు ఖాళీగా ఉండాలి, పనిముట్టు దిగాలి, అదే చెయ్యి తాళం వెయ్యాలి. ఒక్కో ముక్కకు పౌచ్‌లో ఏం ఉండాలో వరసగా చూశాను.

మూత బదులు 22 మి.మీ. వెడల్పు పట్టీ. పక్కల నుంచి పనిముట్టు కనపడుతుంది, వేళ్ళకు చోటు దొరుకుతుంది. పట్టీ రెండు పొరల తోలు, అతికించి చుట్టూ కుట్టినది. అందుకే అది బిరుసుగా ఉంటుంది. బటన్ మధ్య నుంచి పట్టీ కొన దాకా 18 మి.మీ. వదిలి, ఆ కొనను తడిమీద బయటికి వంచాను. ముందు అట్టతో 10 మి.మీ. పెట్టి చూస్తే గ్లోవ్ వేలు కింద పట్టలేదు. 18 దగ్గర బొటనవేలు ఒక్క నూకుడుతో కిందికి దూరింది. పైగా బటన్ నుంచి కొన ఎంత దూరముంటే మీట బలం అంత కలిసొస్తుంది, బటన్ తక్కువ శ్రమతో ఊడుతుంది. పౌచ్ పైకి లేవడం దీనితోనే ఆగింది.

బటన్‌నే మార్చాను. పుల్ ద డాట్ అనే రకం ఉంది. మామూలు టిచ్ బటన్ ఏ వైపు నుంచి లాగినా ఊడుతుంది. ఇది మూడు వైపులా బిగిసి ఉండి, చుక్క గుర్తున్న ఒక్క వైపు నుంచి ఎత్తితేనే ఊడుతుంది. చుక్కను పట్టీ కొన వైపు పెట్టాను. లోపలి నుంచి పనిముట్టు ఎంత నెట్టినా ఆ బలం పట్టీ మొదలు వైపు పడుతుంది, అటు బటన్ ఊడదు. బొటనవేలు కొనను ఎత్తితే మాత్రం తేలిగ్గా వస్తుంది. బిగువు, తేలిక ఒకే బటన్‌లో కుదరవని అనుకుంటాం గానీ, బలం వచ్చే దిశ వేరైతే రెండూ కుదురుతాయి.

ఇంత చేసినా తిరిగి పెట్టేటప్పటి అడ్డు మిగిలే ఉంది. దానికి జవాబు తోలులోనే దొరికింది. పట్టీ మడత పడేచోట తడిపి, మూసిన స్థితిలో కాకుండా, నిటారుగా కాస్త వెనక్కు వాలిన స్థితిలో ఆరబెట్టాను. బటన్ వీడగానే పట్టీ పాము పడగలా లేచి నిలబడుతుంది, నోరు పూర్తిగా ఖాళీ. పనిముట్టు దిగాక అరచేత్తో పట్టీని ముందుకు తోసి బొటనవేలితో నొక్కితే చాలు. బటన్ వెనక పనిముట్టు గట్టి ముఖం, దాని వెనక తుంటి ఉంటాయి గనక నొక్కుడుకు ఆనుడు దొరుకుతుంది. ఇంకో చెయ్యి అక్కర్లేదు.

ఈ మడత దగ్గర ఒక జాగ్రత్త ఉంది. రెండు పొరలనూ చదునుగా అతికించి తర్వాత వంచితే లోపలి పొర ముడతలు పడుతుంది. అందుకే వంచిన స్థితిలోనే అతికించాను. బటన్ లోపలి ఇత్తడి ముఖం మీద పల్చటి తోలు బిళ్ళ అంటించాను. లేకపోతే పనిముట్టు గీసుకుపోతుంది. తోలు నూనెలు, చెమట తగిలి ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము కూడా కడుతుంది.

ముందు గోడను ఇంకా తగ్గించి, మధ్యలో అర్ధచంద్రంలా కోసి, పనిముట్టు పైభాగం 40 మి.మీ. దాకా చేతికి అందేలా చేశాను. పట్టు తగ్గుతుందేమోనన్న సందేహం ఉండింది. మొదటి నమూనా విప్పినప్పుడు చూసింది ఇక్కడ పనికొచ్చింది: నిలిచే పట్టు గోడ ఎత్తులో లేదు, మెట్టు దగ్గరి గట్టులో ఉంది. పనిముట్టును తల కిందికి పెట్టుకోవడం ఆయన అలవాటు గనక ఆ మెట్టు పౌచ్ కింది సగంలోనే పడుతుంది. అందుకే పైన తోలు తీసేసినా నష్టం లేదు. గట్టును మాత్రం ఈసారి ఎముక పనిముట్టుతో ఇంకాస్త లోతుగా నొక్కాను.

తొడకు గుచ్చుకోవడం

ఇది పౌచ్ ఆకారం సమస్య కాదు, లూపు చోటు సమస్య. లూపును పైన పెడితే పౌచ్ కిందికి వేలాడి తొడకు తగులుతుంది. బాగా కింద పెడితే పైభాగం పక్కటెముకలకు తగులుతుంది. బెల్టుకు మాస్కింగ్ టేపుతో అట్ట నమూనా అంటించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, జరుపుతూ చూశాం. బెల్టు మధ్య గీత పౌచ్ ఎత్తులో పైనుంచి మూడోవంతు దగ్గరికి వచ్చి, పౌచ్ పైకొన ముందుకు దాదాపు 15 డిగ్రీలు వాలితే ఎక్కడా తగల్లేదు. ఆ వాలు మణికట్టుకూ హాయిగా ఉంది. చెయ్యి తిన్నగా దిగినప్పుడు వేళ్ళు సహజంగా ఆ కోణంలోనే వస్తాయి.

లూపు లోపలి ఎత్తు 40 మి.మీ. మాత్రమే ఉంచాను. బెల్టుకు 38, పైన 2. వదులు లూపు ఉంటే లాగినప్పుడు ముందు పౌచ్ కదులుతుంది, తర్వాత పనిముట్టు కదులుతుంది. లూపు మొదలు దగ్గర చతురస్రంగా కుట్టు వేశాను, రివెట్లు పెట్టలేదు. రివెట్ తల బెల్టును గీస్తుంది, నడుముకు ఒత్తుకుంటుంది.

కుట్టు, ముగింపు పని

రెండు గోడల మధ్య అంచు వెంట ఒక సన్నని తోలు ముక్క, అంటే వెల్ట్, పెట్టాను. పనిముట్టు మూలలు దారానికి రాసుకోకుండా ఆపేది అదే. మూడు పొరలు కలిపి 8 మి.మీ. దాటుతుంది, అంత మందంలో రంధ్రం చేసే ఆరె వంకరపోతే వెనకవైపు కుట్టు వరస చెదిరిపోతుంది. అందుకని ముక్కలకు విడివిడిగా ముందే రంధ్రాలు గుర్తుపెట్టి, అతికించాక ఆరెను నిటారుగా దింపాను. రెండు సూదులతో శాడిల్ కుట్టు, మైనం పట్టించిన 1 మి.మీ. పాలిస్టర్ దారం, కుట్టుకు కుట్టుకు మధ్య 4 మి.మీ. ఈ కుట్టులో ప్రతి రంధ్రంలోంచీ రెండు కొనలూ అటూ ఇటూ దాటతాయి. ఒకచోట దారం తెగినా మిగతా వరస పట్టుకునే ఉంటుంది. మిషన్ కుట్టు అలా కాదు, ఒకచోట తెగితే మొత్తం వీడుతూ పోవచ్చు. నోటి దగ్గర మూడు కుట్లు వెనక్కు వేశాను. పనిముట్టు దిగేటప్పుడు తోపుడంతా పడేది అక్కడే.

అడుగున మూలలో 5 మి.మీ. రంధ్రం ఒకటి వదిలాను. చెమట, రజను, ఇసుక అందులోంచి పోతాయి. పాత తోలు పౌచ్‌లో పనిముట్టు కొన మీద తుప్పు చుక్కలు ఉండటం చూశాను, దానికి కారణం అడుగున నిలిచిన తడే.

నూనె పల్చగా ఒక్క పూత. పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నూనె తోలును మెత్తబరుస్తుంది, ఎక్కువైతే అచ్చే వదులవుతుంది. పైన తేనెమైనం రుద్ది బట్టతో మెరుగుపెట్టాను. అంచులు ఉప్పుకాగితంతో సమం చేసి, తడి తగిలించి, చెక్కతో రుద్ది నునుపు చేశాను. లోపలి పక్క మాత్రం నోటి దగ్గర ఒక వేలు వెడల్పు మేర మైనంతో నునుపు చేసి, కింద గరుకుగా వదిలాను. పైన నునుపుంటే పనిముట్టు తేలిగ్గా దిగుతుంది, పీచు కీళ్ళలో చిక్కుకోదు. కింద గరుకుంటే పట్టు ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది.

తర్వాత ఏమైంది

ఇచ్చిన కొన్ని వారాలకు ఒకసారి, కొన్ని నెలలకు ఇంకోసారి చూశాను. మొదటి నమూనాలో లాగే రాపిడి పట్టు తగ్గింది, అది అనుకున్నదే. గట్టు నిలిచింది. పట్టీ తీసి వంగితే పనిముట్టు పడటం లేదు, పట్టీ పెట్టి తలకిందులు చేసి ఊపితే కదలడం లేదు. నేను అన్నిటికంటే ముందు అడిగింది ఒక్కటే: పట్టీ పెడుతున్నారా అని. నోటిమాట మీద ఆధారపడకుండా బటన్ చుట్టూ తోలు చూశాను. బొటనవేలు పడేచోట తోలు నల్లబడి మెరుస్తోంది. రోజూ పెడుతున్నట్టే. రెండో నమూనాలో అదే చోట తోలు కొత్తగానే ఉండిపోయింది.

ఒక విషయం పూర్తిగా తీరలేదు. మామూలు పని గ్లోవ్‌తో పట్టీ మొదటిసారికే వస్తుంది. మందపాటి రబ్బరు గ్లోవ్ వేసుకున్నప్పుడు మాత్రం కొన రెండోసారికి గానీ చిక్కడం లేదు. కొనను ఇంకా పొడిగిస్తే అది అటూ ఇటూ తగులుకునే ప్రమాదం ఉంది, ఎత్తులో ఉన్నవాళ్ళకు అది మంచిది కాదు. ఆ గ్లోవ్ వాడేది అరుదుగానే గనక 18 దగ్గరే ఉంచుదామని ఇద్దరం అనుకున్నాం.

ఈ కేసు తర్వాత నా కొలతల కాగితం మారింది. పనిముట్టు పొడవు, వెడల్పు, మందం పక్కనే ఏ చెయ్యి, ఏ గ్లోవ్, రెండో చెయ్యి ఆ సమయంలో ఏం చేస్తుంటుంది, గంటకు ఎన్నిసార్లు తీస్తారు, కూర్చునే పని ఎంత అనే గడులు చేరాయి. తోలు కోయకముందే అట్టతో నమూనా చేసి, వాళ్ళ గ్లోవ్‌తో, వాళ్ళ బెల్టు మీద, వాళ్ళ చేత్తోనే తీయించి చూస్తున్నాను. గంటకు ఒకటి రెండుసార్లు తీసేవాళ్ళకు మామూలు మూత, లైన్ 24 బటన్ ఇప్పటికీ వేస్తాను, వాళ్ళకు అది సరైనదే. పదేపదే తీసేవాళ్ళకు, ఒక చెయ్యి ఖాళీ లేనివాళ్ళకు మాత్రం ఈ సన్నని పట్టీ వేస్తున్నాను. పౌచ్ ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పి పంపుతాను: తడిస్తే నీడలో, పనిముట్టు బయటికి తీసి, పట్టీ తెరిచి ఆరబెట్టండి, నూనె ఏడాదికి ఒకసారి, అదీ పైముఖానికే, లోపలికి వద్దు.